‘న్యాయమూర్తి అనర్హత’ అనొచ్చా? విడాకుల కేసుల్లో తప్పుకోవడం, బదిలీ, అప్పీలు

ప్రశ్న: ఒక అనువాదంలో "విడాకుల కేసులో న్యాయమూర్తి అనర్హతపై అప్పీలు" అని కనబడింది. ‘డిస్‌క్వాలిఫికేషన్’కి అనర్హత సరిపోతుందా?

జవాబు: సరిపోదండీ. అనర్హత అనగానే తెలుగువాడికి ఎమ్మెల్యే పదవి పోవడం గుర్తొస్తుంది. అది మనిషికి తగిలే మాట. ఇక్కడ జడ్జి అర్హతకు వచ్చిన లోటేమీ లేదు. ఈ ఒక్క కేసు ఆయన వినకూడదు, అంతే. పత్రికలు రాసే "విచారణ నుంచి తప్పుకున్నారు" చక్కటి తెలుగు. హైకోర్టు వరండాలో మాత్రం "నాట్ బిఫోర్ మి (నా ముందుకు వద్దు) అన్నారు" అంటారు.

ఇంకో జవాబు: తప్పుకోవడం జడ్జి తనంతట తాను చేసే పని. కక్షిదారు కోరేది బదిలీ. ఫ్యామిలీ కోర్టు జడ్జి మీద నమ్మకం లేకపోతే సివిల్ ప్రొసీజర్ కోడ్ 24వ సెక్షన్ కింద హైకోర్టులో ట్రాన్స్‌ఫర్ పిటిషన్ వేస్తారు. వేరే రాష్ట్రానికి మార్చాలంటే 25వ సెక్షన్, సుప్రీంకోర్టు. ఇక్కడో తికమక ఉంది: హిందూ వివాహ చట్టంలోనూ 24వ సెక్షన్ ఉంది, అది కేసు తేలేలోగా ఇచ్చే మధ్యంతర భరణానికి. "ఇరవై నాలుగు కింద వేశాం" అని ఎవరైనా అంటే ఏ చట్టమో అడక్కుండా అనువాదం చేయకండి.

జడ్జి మీద అభ్యంతరం చెప్పేటప్పుడు భరణం ఎక్కువ వేశారనో, వాయిదా ఇవ్వలేదనో చెబితే అది పక్షపాతం కాదు. ఎదుటి పక్షంతో బంధుత్వం, డబ్బు సంబంధం, అదే గొడవలో గతంలో వకీలుగా ఉండటం లాంటివి చూపాలి. 1987లో రంజిత్ ఠాకూర్ కేసులో సుప్రీంకోర్టు చెప్పిన కొలత ఇది: జడ్జి "నాకు పక్షపాతం ఉందా" అని తన మనసును కాదు, ఎదుట నిలబడ్డ కక్షిదారు మనసును చూడాలి. సంగతి తెలిసీ నోరు మెదపకుండా తీర్పు దాకా ఆగి, ఓడాక లేవనెత్తితే చెల్లదు. 1957 నాటి మానక్ లాల్ తీర్పు అదే చెప్పింది.

మొదటి జవాబుకు చేర్పు: కాబట్టి ‘అనర్హతపై అప్పీలు’ రెండు విధాలా తప్పు: ‘అనర్హత’ అన్న మాటా తప్పే, దానిపై ‘అప్పీలు’ అనడమూ తప్పే. అప్పీలు డిక్రీ (కోర్టు ఇచ్చే తుది ఉత్తర్వు) మీద. ఫ్యామిలీ కోర్టు డిక్రీ అయితే హైకోర్టులో ఇద్దరు జడ్జీల బెంచి ముందు. ఫ్యామిలీ కోర్టు లేని చోట సీనియర్ సివిల్ జడ్జి ఇచ్చినదైతే జిల్లా కోర్టులో. పరస్పర అంగీకారంతో వచ్చిన డిక్రీకి ఫ్యామిలీ కోర్టుల చట్టం 19వ సెక్షన్ అప్పీలు ఇవ్వదు.

ప్రశ్న: గడువు?

జవాబు: ఫ్యామిలీ కోర్టుల చట్టం 30 రోజులంటుంది, హిందూ వివాహ చట్టం 28వ సెక్షన్ 2003 సవరణ తర్వాత 90 అంటుంది. 2016లో బొంబాయి హైకోర్టు పూర్తి బెంచి 90 వైపు మొగ్గింది. అయినా 30లోపు వేయడమే క్షేమం. సర్టిఫైడ్ కాపీకి (కోర్టు ధృవీకరించి ఇచ్చే డిక్రీ నకలుకు) పట్టిన రోజులు మినహాయిస్తారు, కానీ కాపీ వెనక ముద్రలో ‘సిద్ధం’ అన్న తేదీ వరకే. తర్వాత మీరు వెళ్ళి తెచ్చుకోని రోజులు మీ ఖాతాలోనే పడతాయి. "డిక్రీ వచ్చేసింది, పెళ్ళి చేసుకోవచ్చు" అనేది ఇంకో పొరపాటు. హిందూ వివాహ చట్టం 15వ సెక్షన్ ప్రకారం, అప్పీలుకు వీలున్న డిక్రీ అయితే దాని గడువు దాటాలి, లేదా వేసిన అప్పీలు కొట్టేయాలి.

చివరగా ఒక మాట: అప్పీలుకు ‘పునర్విచారణ’ అని రాసేవాళ్ళున్నారు. అది మళ్ళీ మొదట్నుంచి విచారించడం. పై కోర్టు కేసును తిరిగి కిందికి పంపినప్పుడు ఆ మాట కావాలి, దాన్ని అప్పీలుకు ఖర్చు చేయకండి.

ప్రశ్న అడిగినవారు: అయితే వాక్యం ఇలా మార్చా: "విచారణ నుంచి జడ్జి తప్పుకోవాలన్న అభ్యంతరం, డిక్రీపై అప్పీలు."

జవాబు: బాగుంది. మధ్యలో ఆ కామా తీసేయకండి.