'వ్యూహం' ఒక్కటే ఎన్ని మెట్లు మోస్తుంది?

మాది బెంగళూరు మారతహళ్లిలో ఆఫీసు, వ్యవసాయ మోటార్ల కంపెనీ. ఆంధ్ర, తెలంగాణ డీలర్లకు పంపాల్సిన వార్షిక ప్రణాళికను తెలుగు చేసే పని నా నెత్తిన పడింది. అందులో విజన్, గోల్, స్ట్రాటజీ, టాక్టిక్స్ అని నాలుగు మెట్లు. రాశాక చూసుకుంటే రెండు చోట్ల లక్ష్యమే, రెండు చోట్ల వ్యూహమే! పక్క సీటు కన్నడాయన మాత్రం గోల్‌కు 'గురి', స్ట్రాటజీకి 'కార్యతంత్ర', టాక్టిక్‌కు 'తంత్ర' అని టకటకా చెప్పేశాడు. గురి మనకీ ఉంది. తంత్రం అంటే మాత్రం మనవాళ్లకు కుతంత్రమే గుర్తొస్తుంది. ఏం చేయమంటారు?

వ్యాఖ్య: విజన్‌ను అలాగే ఉంచేయండి. 1999లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 'విజన్ 2020' తెచ్చిన నాటి నుంచి అది తెలుగే. దార్శనికత మనిషికుండే గుణం. దృక్పథం అసలొద్దు.

వ్యాఖ్య: టాక్టిక్‌కు ఎత్తుగడ ఉంది కదండీ. కమ్యూనిస్టు పార్టీల సాహిత్యంలో 'వ్యూహం, ఎత్తుగడలు' జంటగానే నడుస్తాయి.

వ్యాఖ్య: అసలు తమాషా ఏమిటంటే, సంస్కృతంలో వ్యూహం అంటే సేనను మోహరించే తీరు. టాక్టిక్స్‌కు మూలమైన గ్రీకు మాటకూ అమర్చడమనే అర్థం. స్ట్రాటజీ సేనాపతి అనే మాట నుంచి వచ్చింది. అంటే మన వ్యూహం ఒక మెట్టు పైకెక్కి కూర్చుంది!

భారతంలో చూడండి. దుర్యోధనుడికి కావలసింది రాజ్యం. ధర్మరాజును ప్రాణాలతో పట్టిస్తే మళ్లీ జూదమాడించి అడవికి పంపొచ్చని అతని ఆలోచన. అలా పట్టుకోవడం ద్రోణుడికి గురి. పక్కన అర్జునుడుంటే కుదరదు గనక సంశప్తకుల చేత అతన్ని దూరంగా లాగించారు, అదీ స్ట్రాటజీ. 13వ రోజు పన్నిన పద్మవ్యూహం ఆ పూటకు టాక్టిక్. అభిమన్యుడు పోయాడు గానీ ధర్మరాజు చిక్కలేదు. ఎత్తుగడ పారింది, గురి తప్పింది. మన కంపెనీల్లో ఆఫర్ హిట్టయి ఏడాది టార్గెట్ తప్పడమూ ఇలాంటిదే.

అడిగినవారు: ఈ వివరణ చదివాకే నా ముక్క దారిలో పడిందండీ. మోటారు కాలి పంట ఎండకూడదు, ఇది విజన్. వచ్చే మార్చికల్లా అనంతపురం, కర్నూలులో అమ్మకాలు రెట్టింపు కావాలి, ఇది గురి. కొత్త డీలర్లను పెట్టకుండా, ఉన్నవాళ్ల చేతే రిపేర్లు కూడా చేయించాలి, ఇది వ్యూహం. ఖరీఫ్‌కు ముందు పాత మోటారు తెచ్చినవారికి తగ్గింపు, ఇది ఎత్తుగడ. ఆ చివరి మాటకు మా మేనేజరు, ఆయనా తెలుగాయనే, మొహం చిట్లించారు. "డీలర్ల మీద ఎత్తు వేస్తున్నామని మనమే రాసిస్తామా?" అన్నారు. 'పనులు' అని మార్చి పంపాను.

నిన్న కర్నూలు నుంచి ఒక డీలరు ఫోన్ చేశాడు. "పేపరు బాగుంది సార్. ఈసారి స్కీము ఏంటో చెప్పండి ముందు."