సమస్యాపూరణం: ‘వంగునదియె చాల బలము గలది’

నిర్వాహకుడు: సమస్య ఆటవెలది నాలుగవ పాదం. పూరణలో ‘సపుల్’ (supple) అనే ఆంగ్ల విశేషణపు భావం పలకాలి, ఆ పదం మాత్రం కనబడకూడదు. పగలకుండా మృదువుగా వంగే తోలునూ, చర్మాన్నీ, కీళ్ళనూ, మనసునూ ఆ మాటతో వర్ణిస్తారు. పనివేళల సడలింపుకు అది చెల్లదు, అక్కడ ‘ఫ్లెక్సిబుల్’ అనే అంటారు. మోకరిల్లి వేడుకొనేవాడని అర్థమున్న లాటిన్ ‘సప్లెక్స్’ నుండి ఫ్రెంచి మీదుగా వచ్చిన పదం కనుక, వంగడానికీ బలానికీ పొసగదనిపించే ఈ సమస్యకు దీనిని ఎంచుకున్నాను.

మొదటి పూరణ:
తోలు బిరుసు పడిన తుత్తునియలగును
నూనె పట్టినపుడు నునుపు దేరు
చెప్పులైన నేమి, జీను పట్టెడ యైన
వంగునదియె చాల బలము గలది.

నిర్వాహకుడు: యతులు చక్కగా కుదిరాయి, ప్రయోగమూ అచ్చమైనదే. అయితే బిరుసెక్కిన తోలు మడతల దగ్గర పగులుతుంది గాని తుత్తునియలు కాదు. నునుపు పైపొర గుణం; ఇక్కడ కావలసినది మెత్తదనం.

రెండవ పూరణ:
పసిడి సుత్తిదెబ్బ పడిన పగులబోదు
సాగి రేకు రూపు సంతరించు
పోత యినుము చూడ పొడిపొడి యైపోవు
వంగునదియె చాల బలము గలది.

నిర్వాహకుడు: ధార బాగుంది, కాని ఇది మరొక విశేషణానికి పూరణ. దెబ్బకు రేకుగా సాగే గుణం ‘మ్యాలియబుల్’. ఆ మాట పుట్టిందే సుత్తి అనే అర్థమున్న లాటిన్ ‘మల్లెయుస్’ నుండి. తీగగా సాగే గుణానికి ‘డక్టైల్’ ఉంది. పైగా మూడు పాదాల్లోనూ సాగడం, పొడి కావడం తప్ప వంగడం లేదు కనుక నాలుగవ పాదం అతికించినట్లుంది.

మూడవ పూరణ:
మోకరిల్లు నట్టి మూలార్థ మున్నను
మొండి వాదు వదలి ముందు చూచు
సాక్ష్యమెదురు పడగ సరిదిద్దుకొను బుద్ధి
వంగునదియె చాల బలము గలది.

నిర్వాహకుడు: ‘సపుల్ మైండ్’ అన్నప్పుడు ఉద్దేశించేది కొత్త ఆలోచన వైపు సులువుగా మళ్ళగల బుద్ధిని. ఆ మళ్ళడానికి సాక్ష్యాన్ని కారణంగా చూపడం వల్ల మీ పద్యంలో వంగడం లొంగుబాటు కాలేదు, సమస్యలోని విరోధం దానంతట అదే తీరింది. ‘ముందు చూచు’ మాత్రం యతి కోసం వచ్చిన పూరకం. ‘వాదు’ చోట ‘పట్టు’ అంటే గణం చెడదు, నుడికారమూ దక్కుతుంది.

మూడవ పూరణకర్త: రెండవ పాదాన్ని ‘మొండి పట్టు విడుచు మోహ ముడిగి’ అని సవరించవచ్చునా?

నిర్వాహకుడు: తప్పక. తన అభిప్రాయంపై తనకున్న మమకారమే బుద్ధిని బిరుసెక్కిస్తుందన్న భావం ఇప్పుడు పద్యంలోకి వచ్చింది. ఈ పాఠాన్నే స్వీకరిస్తున్నాను.