వెన్ చిత్రాల లెక్కలు: మీరు ఎక్కడ తడబడ్డారు, ఎలా సరిదిద్దుకున్నారు?

కృష్ణాతీరం:
అందరికీ నమస్కారం. నేను ఎస్.ఐ. పరీక్షకు చదువుతున్నాను. అంకగణితంలో మిగతా అధ్యాయాలు ఫర్వాలేదు గానీ, ఒకే మనిషి రెండు మూడు గుంపుల్లో ఉండే లెక్కలు వచ్చేసరికి చేయి ఆగిపోతోంది. నిన్న రాత్రి చేసిన లెక్క ఇది. ఒక వసతిగృహంలో 120 మంది విద్యార్థులున్నారు. వారిలో ఇడ్లీ ఇష్టపడేవారు 70 మంది, దోశ ఇష్టపడేవారు 55 మంది, ఉప్మా ఇష్టపడేవారు 50 మంది. ఇడ్లీ, దోశ రెండూ ఇష్టపడేవారు 28 మంది. దోశ, ఉప్మా రెండూ ఇష్టపడేవారు 22 మంది. ఇడ్లీ, ఉప్మా రెండూ ఇష్టపడేవారు 25 మంది. మూడూ ఇష్టపడేవారు 12 మంది. దోశ మాత్రమే ఇష్టపడేవారు ఎందరు, ఏదీ ఇష్టపడనివారు ఎందరు అన్నది ప్రశ్న.

వెన్ చిత్రంలో గుంపుకో వృత్తం చొప్పున ఒకదానిపై ఒకటి పడేలా మూడు వృత్తాలు గీసి, నడిమధ్యన 12 వేసి, దాని చుట్టూ ఉన్న మూడు గదుల్లో 28, 22, 25 వేశాను. తర్వాత దోశ వృత్తంలోని 55 నుంచి 28, 22, 12 తీసివేస్తే మైనస్ 7 వచ్చింది. మూడుసార్లు మళ్లీ కూడి చూసినా అదే వస్తోంది. ప్రశ్నే తప్పుగా ఇచ్చారా, నేనే తప్పు చేశానా అన్నది తెలియడం లేదు. ఇలాంటి లెక్కల్లో మీ అనుభవాలు కూడా చెబితే నాలాంటి వారికి ఉపయోగపడుతుంది.

సుద్దముక్క:
కృష్ణాతీరం గారూ, ప్రశ్నలో తప్పేమీ లేదు. నేను ఉన్నత పాఠశాలలో ఇరవై ఆరేళ్లు గణితం చెప్పి పదవీ విరమణ చేశాను. సమితుల (అంటే గుంపుల) పాఠం చెప్పిన ప్రతి ఏడూ తరగతిలో సగం మందికి పైగా మొదటి ప్రయత్నంలో ఇదే పొరపాటు చేసేవారు. మీ అదృష్టం కొద్దీ మైనస్ వచ్చి తప్పును పట్టి ఇచ్చింది. దోశ ఇష్టపడేవారి అంకె ఇంకొంచెం పెద్దదైతే మైనస్ రాకుండానే తప్పు జవాబు వచ్చేది, పైగా అది ఇచ్చిన నాలుగు ఐచ్ఛికాలలో ఒకటిగా కూడా ఉండేది.

అసలు విషయమంతా మన భాషలోని ఒక్క అచ్చులో ఉంది. 'రెండూ' వేరు, 'రెండే' వేరు. 'ఇడ్లీ, దోశ రెండూ ఇష్టపడేవారు 28 మంది' అన్న వాక్యం ఉప్మా సంగతి ఏమీ చెప్పదు. ఆ 28 మందిలో ఉప్మా కూడా ఇష్టపడే 12 మంది కలిసే ఉన్నారు. 'ఇడ్లీ, దోశ రెండే ఇష్టపడేవారు' అని ఉంటే మాత్రం ఉప్మా ఇష్టపడేవారు అందులో లేరని అర్థం. మీరు 'రెండూ' అన్న అంకెను 'రెండే' అన్న గదిలో వేశారు, అందువల్ల ఆ 12 మంది మళ్లీ మళ్లీ లెక్కలోకి వచ్చారు.

కాబట్టి నడిమధ్య నుంచి బయటికి రండి. మధ్యలో 12. ఇడ్లీ, దోశ మాత్రమే: 28 − 12 = 16. దోశ, ఉప్మా మాత్రమే: 22 − 12 = 10. ఇడ్లీ, ఉప్మా మాత్రమే: 25 − 12 = 13. ఇప్పుడు ఒక్కొక్కటి మాత్రమే ఇష్టపడేవారిని చూడండి. ఇడ్లీకి 70 − (12 + 16 + 13) = 29, దోశకు 55 − (12 + 16 + 10) = 17, ఉప్మాకు 50 − (12 + 10 + 13) = 15. ఏడు గదులూ కలిపితే 112. మొత్తం 120 మంది కాబట్టి ఏదీ ఇష్టపడనివారు 8 మంది. వృత్తాల చుట్టూ దీర్ఘచతురస్రం గీయడం చాలామంది మానేస్తారు, కానీ ఈ 8 మందికి చోటు అక్కడే ఉంది.

నా తరగతిలో ఒక నియమం ఉండేది. గదిలో అంకె వేసే ముందు ఆ గదికి పూర్తి వాక్యం పైకి చెప్పాలి: 'ఇడ్లీ, దోశ ఇష్టపడుతూ ఉప్మా ఇష్టపడనివారు పదహారు మంది' అని. వాక్యం చెప్పలేని విద్యార్థిని అంకె వేయనిచ్చేవాడిని కాదు.

చుక్కలముగ్గు:
మాస్టారు చెప్పింది అక్షరాలా నిజం. మా అమ్మాయి పదో తరగతిలో ఉన్నప్పుడు సూత్రం మొత్తం అప్పజెప్పేది కానీ, మూడు సమితులనూ కూడి, రెండేసి సమితుల ఛేదనాలను (రెండింటికీ ఉమ్మడిగా ఉన్న భాగాలను) తీసివేశాక, చివర మూడింటి ఛేదనాన్ని మళ్లీ ఎందుకు కలుపుతారని అడిగితే మౌనంగా ఉండిపోయేది. ఒక ఆదివారం వరండాలో నేల మీద సుద్దతో మూడు పెద్ద వృత్తాలు గీసి, డబ్బాలో ఉన్న చింతపిక్కలు తెచ్చి ఇద్దరం కూర్చున్నాం. ఒక్కో పిక్క ఒక్కో మనిషి. నడిమధ్యన ఒకే ఒక్క పిక్క పెట్టి, దాన్ని ఎన్నిసార్లు లెక్కపెడుతున్నామో చూడమన్నాను.

మొదటి వృత్తంలోని పిక్కలు లెక్కపెట్టినప్పుడు అది ఒకసారి వచ్చింది, రెండో వృత్తంలో మరోసారి, మూడో వృత్తంలో ఇంకోసారి. అంటే మూడుసార్లు. తర్వాత రెండేసి వృత్తాలు కలిసే చోట్లు తీసివేస్తున్నప్పుడు, అది ఆ మూడు చోట్లలోనూ ఉంది కాబట్టి మూడుసార్లూ పోయింది. 'అయ్యో, పిక్క నేల మీదే ఉంది కానీ లెక్కలో లేదమ్మా' అంది. ఆ మాట తన నోటి నుంచి వచ్చాక ఒకసారి తిరిగి కలపాలన్న సంగతి నేను చెప్పవలసిన అవసరమే రాలేదు. రెండు వృత్తాల మధ్య పిక్కతో కూడా ఇదే చేసి చూడండి. అక్కడ రెండుసార్లు వచ్చి ఒకసారి పోతుంది, కాబట్టి తిరిగి కలిపేది ఏమీ ఉండదు.

వరంగల్_కోట:
నేను బ్యాంకు పరీక్షలు రాసి ఉద్యోగంలో చేరాను. ప్రశ్నకు నిమిషం కూడా దొరకని చోట ఏడు గదులూ నింపే తీరిక ఉండదు. నాకు బాగా పనికొచ్చిన దారి ఒకటి ఉంది. ఒకటి మాత్రమే ఇష్టపడేవారిని ఒక రాశిగా, సరిగ్గా రెండు ఇష్టపడేవారిని ఒక రాశిగా, మూడూ ఇష్టపడేవారిని ఒక రాశిగా అనుకోండి. మూడు రాశులనూ కూడితే మొత్తం మనుషులు వస్తారు. మొదటిదాన్ని ఒకసారి, రెండోదాన్ని రెండుసార్లు, మూడోదాన్ని మూడుసార్లు కూడితే మూడు వృత్తాల అంకెల మొత్తం వస్తుంది. పై లెక్కలో ఒకటి మాత్రమే 61, సరిగ్గా రెండు 39, మూడూ 12. కూడితే 112. రెండో విధంగా 61 + 78 + 36 = 175, అది 70 + 55 + 50కి సమానం. రెండు సమీకరణాలూ ముందుంటే 'సరిగ్గా రెండు ఇష్టపడేవారు ఎందరు' అన్న ప్రశ్న పది సెకన్ల పని.

ఉత్తీర్ణత శాతాల ప్రశ్నల్లో మరో చిక్కు ఉంటుంది. 'గణితంలో 35 శాతం, ఆంగ్లంలో 42 శాతం, రెండింటిలోనూ 15 శాతం తప్పారు. రెండింటిలోనూ ఉత్తీర్ణులైనవారు 380 మంది అయితే మొత్తం ఎందరు' అని అడుగుతారు. ఇచ్చినది తప్పినవారి గురించి, అడిగినది ఉత్తీర్ణుల గురించి. కనీసం ఒకదానిలో తప్పినవారు 35 + 42 − 15 = 62 శాతం, కాబట్టి రెండింటిలోనూ ఉత్తీర్ణులు 38 శాతం, మొత్తం 1000 మంది. 15 శాతాన్నే 380గా తీసుకుని నేను ఒక నమూనా పరీక్షలో మార్కు పోగొట్టుకున్నాను. రెండే గుంపులున్నప్పుడు నేను వృత్తాలు కూడా గీయను. అడ్డంగా ఒక విషయం, నిలువుగా ఒక విషయం వేసి నాలుగు గళ్ల పట్టిక రాస్తాను. 'రెండింటిలోనూ కానివారు' అన్న గడి అందులో దానంతట అదే కనిపిస్తుంది.

అరిటాకు:
నేను పరీక్షలు రాసేవాడిని కాదు గానీ, ఈ లెక్క మా ఇంటి పెళ్లిలో అవసరమైంది. మా అన్నయ్య పిలుపుల జాబితాలో 240, వదినగారి జాబితాలో 210 ఉన్నాయి. రెండింటిలోనూ ఉన్న పేర్లు 65 తేలాయి. 240 + 210 − 65 = 385 అని నేనే లెక్క కట్టి వంటవారికి చెప్పబోయాను. అప్పుడు మా అమ్మ ఆ కాగితం తీసుకుని, అన్నయ్య జాబితాలో ఒక్కో పేరు ఒక్కో కుటుంబమని, వదినగారి జాబితాలో కొన్నిచోట్ల భార్యాభర్తల పేర్లు రెండు వరుసల్లో ఉన్నాయని చూపించింది. కుటుంబాలను, మనుషులను కలిపి కూడితే వచ్చే అంకెకు అర్థమే లేదు. రెండు జాబితాలనూ కుటుంబాల లెక్కకు తెచ్చి, ఉభయ సామాన్యమైనవి మళ్లీ ఏరి, తర్వాతే తీసివేశాం. సూత్రం సరైనదే అయినా, రెండు వృత్తాల్లోనూ ఒకే రకం వస్తువు ఉందో లేదో ముందు చూసుకోవాలని నాకు అప్పుడు తెలిసింది.

సుద్దముక్క:
అరిటాకు గారి అమ్మగారికి నమస్కారాలు. పాఠ్యపుస్తకాల లెక్కల్లో ఈ చిక్కు రాదు కాబట్టి మేము దీని గురించి తరగతిలో చెప్పేవాళ్లం కాదు. చెప్పి ఉండవలసింది.

ప్రశ్నపత్రాల భాష గురించి కూడా ఒక మాట. 'ఏదైనా ఒకటి ఇష్టపడేవారు' అని తెలుగు అనువాదంలో కనిపిస్తే తొందరపడకండి. అది 'కనీసం ఒకటి' కావచ్చు, 'ఒకటి మాత్రమే' కావచ్చు. వసతిగృహం లెక్కలో మొదటిది 112, రెండోది 61. అలాంటప్పుడు పక్కనే ఉన్న ఆంగ్ల వాక్యాన్ని చూసి నిర్ధారించుకోవడం మంచిది.

నాలుగు గుంపులుంటే నాలుగు వృత్తాలు గీయవచ్చా అని పిల్లలు అడిగేవారు. మూడు వృత్తాలు, బయటి చోటుతో కలిపి, కావలసిన 8 ప్రాంతాలనూ ఇస్తాయి. నాలుగింటికి 16 ప్రాంతాలు కావాలి, కానీ నాలుగు వృత్తాలను ఎలా గీసినా 14కు మించి రావు. 1880లో ఈ చిత్రాలను ప్రతిపాదించిన జాన్ వెన్ కూడా నాలుగింటికి వృత్తాలను వదిలి దీర్ఘవృత్తాలను వాడాడు. పరీక్షలో నాలుగు గుంపులు వస్తే కూడి తీసివేసే సూత్రమే శరణ్యం. రీజనింగ్‌లో వచ్చే 'తల్లులు, స్త్రీలు, వైద్యులు' వంటి ప్రశ్నలు మాత్రం వేరే జాతివి. అక్కడ తల్లుల వృత్తం పూర్తిగా స్త్రీల వృత్తం లోపల ఉంటుంది, లెక్కపెట్టడానికి ఏమీ ఉండదు.

చుక్కలముగ్గు:
మాస్టారూ, ఛేదనాల అంకెలేవీ ఇవ్వకుండా 'మూడూ ఉన్నవారు కనీసం ఎందరు' అని అడుగుతారు కదా, దానికి మా అమ్మాయి ఇప్పటికీ జంకుతోంది. దాన్ని ఎలా చెప్పాలి?

వరంగల్_కోట:
చుక్కలముగ్గు గారూ, ఇక్కడ ఉన్నవారిని వదిలి లేనివారిని లెక్కపెట్టించండి. 100 ఇళ్లలో 80 ఇళ్లకు టీవీ, 75 ఇళ్లకు ఫ్రిజ్, 70 ఇళ్లకు వాషింగ్ మెషీన్ ఉన్నాయనుకుందాం. టీవీ లేనివి 20, ఫ్రిజ్ లేనివి 25, మెషీన్ లేనివి 30. మూడూ ఉన్న ఇళ్లు వీలైనంత తగ్గాలంటే, ఏదో ఒకటి లేని ఇళ్లు వీలైనన్ని ఎక్కువ కావాలి, అంటే ఈ మూడు రకాల లేమి వేర్వేరు ఇళ్లలో పడాలి. 20 + 25 + 30 = 75 ఇళ్లు అలా పోతే కనీసం 25 ఇళ్లలో మూడూ ఉంటాయి. గరిష్ఠం 70, ఎందుకంటే మెషీన్ ఉన్న ఇళ్లే 70. చింతపిక్కలతో దీన్ని కూడా చేసి చూపించవచ్చు.

కృష్ణాతీరం:
అందరికీ కృతజ్ఞతలు. గదికి ఒక వాక్యం చొప్పున రాసుకుని నిన్నటి లెక్క మళ్లీ చేశాను, 17, 8 వచ్చాయి. ఆ తర్వాత వరంగల్ గారి పద్ధతిలో మరో లెక్క ప్రయత్నించాను. 150 మందిలో మూడు పత్రికలకు పాఠకులు 80, 70, 65 మంది. సరిగ్గా రెండు చదివేవారు 45 మంది. ఏదీ చదవనివారు 10 మంది. మూడూ చదివేవారు ఎందరు? చదివేవారు మొత్తం 140, మూడు అంకెల మొత్తం 215, తేడా 75. ఆ తేడాలో సరిగ్గా రెండు చదివేవారు ఒక్కొక్కసారి, మూడూ చదివేవారు రెండేసిసార్లు వస్తారు. కాబట్టి 75 − 45 = 30, అందులో సగం 15. జవాబు 15 అనుకుంటున్నాను. మొదటి పత్రిక మాత్రమే చదివేవారిని కూడా కనుక్కుందామని చూస్తే దారి దొరకలేదు. ఇక్కడ కూడా నేనేదైనా వదిలేశానా మాస్టారూ?

సుద్దముక్క:
ఏమీ వదల్లేదండీ, 15 సరైనదే. ఒకటి మాత్రమే చదివేవారు మొత్తం 80 మంది అని కూడా చెప్పగలరు. కానీ ఆ 45 మంది ఏయే జంట పత్రికలు చదువుతున్నారో ప్రశ్నలో ఇవ్వలేదు కాబట్టి, 80 మందిని మూడు పత్రికలకు విడదీయడం ఎవరికీ సాధ్యం కాదు. ఐచ్ఛికాలలో 'ఇచ్చిన సమాచారం చాలదు' అని ఉంటే నిస్సంకోచంగా దాన్నే గుర్తించండి.