మార్చిన డెబియన్‌ని పెన్‌డ్రైవ్‌లో ఇస్తే సోర్స్ కోడ్ సంగతేంటి?

డెబియన్ అనే ఉచిత లినక్స్ ఆపరేటింగ్ సిస్టమ్‌ని కొంచెం మార్చి, తెలుగు ఫాంట్లు, కీబోర్డు ముందే పెట్టి ఐఎస్ఓ (ఇన్‌స్టాల్ చేసుకునే ఒకే పెద్ద ఫైలు) తయారు చేశాను. సైజు 5.2 జీబీ వచ్చింది. మామూలు డీవీడీలో 4.7 జీబీకి మించి పట్టదు కాబట్టి, నెట్ సరిగా లేనివాళ్లకు పెన్‌డ్రైవ్‌లే దిక్కు. మిగతావాళ్లకు డౌన్‌లోడ్ లింకు పెడతాను.

మొన్న ఒకరికి ఇన్‌స్టాలేషన్ సగంలో ఆగిపోయింది. షా-256 విలువ (ఫైలు మారిందో లేదో తెలిపే, ఫైలు నుంచే లెక్కగట్టే కోడ్) పోల్చి చూస్తే అసలు కలవలేదు. ఫైలు డౌన్‌లోడ్‌లోనే పాడైందన్నమాట. ఈ సరిచూసే పని కంప్యూటర్ పెద్దగా తెలియనివాళ్లకు మీరెలా నేర్పుతున్నారు?

అసలు టెన్షన్ జీపీఎల్ గురించి, అంటే డెబియన్‌లోని చాలా ప్రోగ్రాములకు ఉన్న ఓపెన్‌సోర్స్ లైసెన్స్ గురించి. దాని వెర్షన్ 2 ప్రకారం ప్రోగ్రాములు పంచేవాళ్లు సోర్స్ కోడ్ (ప్రోగ్రామర్లు రాసిన అసలు కోడ్) కూడా జతచేయాలి, లేదా అడిగితే ఇస్తామని కనీసం 3 ఏళ్లు చెల్లేలా రాసివ్వాలి. ఆ కాగితం పెడితే సరిపోతుందా, సోర్స్ కూడా పెన్‌డ్రైవ్‌లోనే పెట్టేయడం మేలా? ఇలా పంచిన అనుభవం ఉన్నవాళ్లు దయచేసి చెప్పండి.