గోల్డ్‌స్మిత్స్ కాలేజీకి ఆ పేరెలా వచ్చింది?

ప్రశ్న: మా చెల్లి లండన్ గోల్డ్‌స్మిత్స్‌లో ఆర్ట్ కోర్సుకి అప్లై చేస్తోంది, అసలు కంసాలి పనికీ ఆ కాలేజీకీ సంబంధం ఏంటండీ?

రిప్లై: ఉందండీ, గోల్డ్‌స్మిత్ అంటే కంసాలి, ఆ కాలేజీ లండన్ కంసాలుల గిల్డ్ (వృత్తి సంఘం) పెట్టిందే. ఆ గిల్డ్‌కి 1327లో రాజు చార్టర్ (అధికార పత్రం) ఇచ్చాడు, వెండి బంగారం పరీక్షించి చిరుత తల ముద్ర కొట్టేవాళ్ళు, ఆ గిల్డే 1891లో లండన్‌లోని న్యూ క్రాస్‌లో పనివాళ్ళ కోసం ఇన్‌స్టిట్యూట్ తెరిచి ఆర్ట్ క్లాసులూ పెట్టింది, 1904లో మొత్తం లండన్ యూనివర్సిటీకి ఇచ్చేసింది.

ఇంకో రిప్లై: వీళ్ళొక్కరే కాదండీ, 1878లో 16 గిల్డులు లండన్ సిటీ కార్పొరేషన్‌తో కలిసి సిటీ అండ్ గిల్డ్స్ ఇన్‌స్టిట్యూట్ పెట్టాయి. లండన్‌లోనే కెన్నింగ్టన్‌లో ఆ పేరుతోనే ఉన్న ఆర్ట్ స్కూల్‌లో ఇప్పటికీ రాతి మీద, చెక్క మీద చెక్కడం నేర్పుతున్నారు, నాకైతే అదే చాలా గొప్పగా అనిపిస్తుంది, చెల్లిని అదీ ఒకసారి చూడమనండి.