‘నులివెచ్చన’: హాయా, మందలింపా?

ప్రశ్న: సభ్యులందరికీ నమస్కారం. కథల్లో, కవితల్లో ‘నులివెచ్చని’ అన్న మాట ఎప్పుడూ హాయినే సూచిస్తుంది: నులివెచ్చని ఎండ, నులివెచ్చని ఒడి. అదే మాటను క్రైస్తవ మిత్రులు ‘నులివెచ్చని విశ్వాసి’ అన్నప్పుడు గట్టి మందలింపుగా వింటున్నాను. ఒకే మాటలో ఇంత ఎడం ఎలా వచ్చిందో తెలిసినవారు చెప్పగలరా?

సమాధానం: అయ్యా, ఈ వాడుకకు మూలం బైబిల్లో చివరిదైన ప్రకటన గ్రంథం మూడవ అధ్యాయంలో, లవొదికయ అనే నగరంలోని క్రైస్తవ సంఘానికి వ్రాసిన లేఖ. “నీవు వెచ్చగానైనను చల్లగానైనను ఉండక, నులివెచ్చనగా ఉన్నావు గనుక” నిన్ను నోటనుండి ఉమ్మివేయబోతున్నానని అక్కడ ప్రభువైన యేసు అంటాడు. గ్రీకు మూలంలో ‘వెచ్చన’ స్థానంలో ఉన్న ‘జెస్తోస్’కు ధాతువు మరగడాన్ని తెలిపే క్రియ, బైబిల్లోనే రోమా పత్రిక (రోములోని విశ్వాసులకు వ్రాసిన లేఖ) 12:11లో మన అనువాదకులు “ఆత్మయందు తీవ్రతగలవారై” అని తెలిగించినదీ ఆ క్రియనే. మన ‘వెచ్చన’కు అంత వేడి లేదు. అందువల్ల తెలుగులో వెచ్చనకూ నులివెచ్చనకూ మధ్య దూరం బాగా తగ్గిపోయి, తిట్టు ఎందుకంత ఘాటుగా ఉందో పాఠకుడికి వెంటనే అందదు. ‘ఉమ్మివేయ’ అన్నది కూడా మూలంకన్నా మెత్తనిదే, ఎందుకంటే అక్కడున్నది వాంతి చేసుకోవడం. అయినా ఆ మెతకదనం మనకు ఒక మేలు చేసింది: గొంతు నొప్పికి ఉప్పు కలిపిన గోరువెచ్చని నీళ్ళు పుక్కిలించి ఉమ్మివేయడం మన ఇళ్ళలో అందరూ ఎరిగినదే కనుక ఆ చిత్రం తెలుగు చెవికి పరాయిదిగా తోచదు.

ఇక అర్థం సంగతి. ఉజ్జీవ కూటాల (విశ్వాసుల్లో భక్తిని రగిలించే సభల) ప్రసంగాల్లో వెచ్చన అంటే భక్తిలో మండడం, చల్లన అంటే అవిశ్వాసం, నులివెచ్చన అంటే రెంటికీ నడుమ ఊగిసలాట అని చెబుతారు. ఈ వివరణ నాకు మొదటినుంచీ మింగుడుపడలేదు, ఎందుకంటే “చల్లగానైనను వెచ్చగానైనను ఉండిన మేలు” అని ప్రభువే అంటున్నాడు. అవిశ్వాసం మేలని ఆయన ఎందుకంటాడు? జవాబు ఆ ఊరి నీళ్ళలో ఉందని చాలామంది వ్యాఖ్యాతల అభిప్రాయం. లవొదికయ నేటి తుర్కియేలోని దెనిజ్లి దగ్గర ఉండేది. లోయకు ఆవలి ఒడ్డున, సుమారు 10 కిలోమీటర్ల దూరంలో, హియెరాపొలి వేడి ఊటలు ఉన్నాయి. వాటిలో మునిగి ఒళ్ళు బాగుచేసుకోవడానికి జనం వచ్చేవారు. మరో వైపున్న కొలొస్సయికి చల్లని కొండనీళ్ళు అందేవి. లవొదికయకు మాత్రం దూరంనుంచి గొట్టాల్లో నీళ్ళు తెచ్చుకోవలసి వచ్చింది. లోపల సున్నపు పొర గడ్డకట్టిన ఆ గొట్టాలు శిథిలాల్లో నేటికీ కనిపిస్తాయి. వేడినీళ్ళు కాపడానికి, చన్నీళ్ళు దాహానికి, ఈ నీళ్ళు దేనికీ కాదు. ఇలా చదివితే మందలింపు ఆవేశం తగ్గినందుకు కాదు, ఎవరికీ అక్కరకు రాకపోయినందుకు. ఆ మాటకు ముందున్న వాక్యం “నీ క్రియలను నేనెరుగుదును” అన్నదేనని గమనించండి. మత్తయి సువార్తలో ప్రతిఫలం దక్కేది కూడా “గిన్నెడు చన్నీళ్లు” ఇచ్చినవాడికే.

మా చర్చిలో ఒక పెద్దావిడ ఉన్నారు. ప్రార్థనలో ఆమె గొంతు పక్క వరుసకు కూడా వినిపించదు. ఆదివారం ఆరాధనకు ముందు వరండాలోని కుండ కడిగి, నింపి, మూతమీద గ్లాసు బోర్లించేది ఆమే; ఆ వారం మంచం పట్టినవారి ఇంటికి క్యారేజీ పట్టుకెళ్ళేదీ ఆమే. ఉజ్జీవ కూటాల కొలతతో చూస్తే ఆమెను నులివెచ్చన అనాలి, లవొదికయ నీళ్ళ కొలతతో అయితే అనలేము.

మరో సభ్యురాలు: మీ వివరణ బాగుంది గానీ, అదే లేఖలో 19వ వచనం “ఆసక్తి కలిగి మారుమనస్సు పొందుము” అంటుంది కదండీ. ఆసక్తి మనసులో పుట్టేదే కదా?

సమాధానం: నిజమేనమ్మా, ఆ మాటను నేను తక్కువ చేయలేను. అయితే ఏ మత్తు వదిలించడానికి ఆ ఆసక్తి అడిగారో 17వ వచనం చెబుతుంది: “నాకేమియు కొదువలేదు” అని ఆ సంఘం చెప్పుకొంటోంది. క్రీ.శ. 60లో భూకంపం వస్తే రోము సాయం లేకుండా సొంత డబ్బుతో తిరిగి లేచిన నగరమది. ఆ ధీమా సంఘంలోకీ పాకి ఉండవచ్చు. ఇక 20వ వచనంలో ప్రభువు తలుపు తడుతూ బయటే నిలబడి ఉంటాడు. క్యాలెండర్ల మీద ఒంటరిగా కనిపించే ఆ వచనం ఈ నులివెచ్చని సంఘానికే వ్రాసినదని చాలామంది గమనించరు. అక్కడ “భోజనము చేయుదుము” అన్నచోట గ్రీకులో ఉన్న క్రియ సాయంకాలం తీరిగ్గా కూర్చొని చేసే ప్రధాన భోజనానికి వాడేది. ఆయన అడుగుతున్నది ఇంట్లోకి రానిచ్చి, ఒక విస్తరి వేయమని.