మిర్-16 మిమిక్ వేసినా బీసీఎల్2 తగ్గట్లేదు
సీఎల్ఎల్ అనే రక్త క్యాన్సర్‌లో 13వ క్రోమోజోమ్ మీద 13క్యూ14 దగ్గర ముక్క పోతే మిర్-15ఏ, మిర్-16-1 (ప్రొటీన్ల తయారీని తగ్గించే చిన్న ఆర్ఎన్ఏలు) తగ్గిపోయి బీసీఎల్2 (సెల్ చావుని ఆపే ప్రొటీన్) మీద అదుపు తప్పుతుంది, చావాల్సిన సెల్ చావదు అంటారు కదా, అదే చూద్దామని మెగ్-01 అనే ల్యుకేమియా సెల్స్‌లో మిర్-16 మిమిక్ (దాని కృత్రిమ నకలు) 50 నానోమోలార్, సెల్ లోపలికి చేర్చే లిపిడ్ రియేజెంట్‌తో వేశా. 48 గంటలకి ఆర్ఎన్ఏని కొలిచే క్యూపీసీఆర్‌లో మిర్-16 బాగా పెరిగింది, ప్రొటీన్‌ని చూపే వెస్టర్న్ బ్లాట్‌లో మాత్రం బీసీఎల్2 బ్యాండ్ పనిచెయ్యని వరుస వేసిన స్క్రాంబుల్డ్ కంట్రోల్‌లో ఎలా ఉందో అలాగే ఉంది. డోస్ 100కి పెంచా, 72 గంటలు ఆగా, యాంటీబాడీ కూడా మార్చా, ఏం తేడా లేదు. శాంపిల్స్ సమానంగా వేశానో లేదో చూపే యాక్టిన్ బ్యాండ్ అన్నిట్లో సమానమే.

నా అనుమానం ఏంటంటే మిమిక్ ఎండోసోముల్లోనే (సెల్ లోపలి చిన్న సంచులు) ఇరుక్కుపోయింది, క్యూపీసీఆర్ దాన్ని కూడా కలిపి లెక్కేస్తోంది (తేలుతూ పెరిగే సస్పెన్షన్ సెల్స్‌కి లిపిడ్‌తో ఎప్పుడూ గొడవే). మిమిక్ నిజంగా మిర్‌లు పనిచేసే రిస్క్ (RISC) ప్రొటీన్ కాంప్లెక్స్‌లోకి ఎక్కిందో లేదో తేల్చాలంటే అందులోని ఏగో2 ప్రొటీన్‌ని పట్టి బయటికి లాగే పుల్‌డౌన్ చెయ్యనా, మిర్-16 పనిచేస్తే వెలుగు తగ్గే లూసిఫరేజ్ సెన్సార్ పెట్టనా?